నాంచారి తెచ్చిన ఎద్దు

రాళ్లగుట్ట కింద ఎర్రచేలల్లో ఏ ఇంటికి పనివాళ్లు కావాల్సివచ్చినా నక్క నాంచారికే కబురెళ్లేది. కుందేళ్ల పేటకు తెల్లారగట్ల కూసే కోడిని తెచ్చిపెట్టింది ఆమే. మేకల దొడ్డికి కాపలా కుక్కను కుదిర్చిందీ ఆమే. ఆ కుక్కకు మేకలంటే భయమన్న సంగతి తర్వాత బయటపడింది, అది వేరే విషయం. ఉన్నచోట హాయిగా పడుకున్నవాణ్ని లేపి, ముక్కూ మొహం తెలియని చోటికి ఇష్టంగా నడిపించుకుపోవడంలో నాంచారిని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

ఆమె పద్ధతి చాలా తేలిక. ఎదుటివాడు ఏ మాట కోసం చెవులు నిక్కించుకుని ఉన్నాడో కనిపెట్టేది, ఆ మాట చెప్పేది. తక్కినవి తను అడిగేది కాదు, వాణ్ని అడగనిచ్చేదీ కాదు. ఎక్కువ ప్రశ్నలు వేసుకుంటే కుదిరే బేరం కూడా చెడిపోతుందని ఆమె గట్టి నమ్మకం.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఎలుగుబంటి భద్రయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. భద్రయ్యది వేరుశనగ చేను. నాగలి మేడి పట్టి దున్నేది తనే. అతనికున్న రెండెద్దుల్లో చుక్కడు పాము కరిచి చచ్చిపోయాడు. మైలడు ఒక్కడే మిగిలాడు. ఒంటెద్దుతో ఆ నేల దున్నడం ఎవరి తరమూ కాదు. చేను బీడు పడితే ఆ ఏడంతా భద్రయ్య పుట్టతేనెతోనూ ఈతపళ్లతోనూ కడుపు నింపుకోవాలి.

"మైలడికి జత కావాల నాంచారీ," అన్నాడు భద్రయ్య. "తొలకరి పదునుకు చేను దున్ని విత్తనం వేయాల. ఆలోపల జతను తెచ్చి కాడి కిందికి చేర్చావంటే కొట్టం మీద అటక నీది. వానాకాలమంతా నువ్వూ నీ పిల్లలూ అందులో ఉండండి."

అటక అనే మాట వినగానే నాంచారి చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. ఆమె కాపురం వాగు ఒడ్డున బొరియలో. పోయినేడు పట్టపగలు, పైన ఎక్కడో కురిసిన వానకు వాగు ఒక్కసారిగా పొంగింది. ముగ్గురు పిల్లల్లో ఒకదాన్ని నోట కరుచుకుని గట్టెక్కించింది. రెండోదాన్నీ గట్టెక్కించింది. మూడోదాని కోసం పరుగెత్తేసరికి అక్కడ బొరియ లేదు, నీళ్లున్నాయి. ఈ ఏడు మళ్లీ ముగ్గురు పుట్టారు. వాళ్లు కళ్లు తెరిచినప్పటి నుంచీ నాంచారికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, పడుకుంటే పడుకోబుద్ధి కాదు. ఆకాశంలో మబ్బుతునక కనబడితే చాలు, తింటున్న తిండి వదిలేసి వాగులోకి తొంగిచూసి వచ్చేది.

"ఎద్దే కదా మామా, వచ్చేసిందే అనుకో," అంటూనే ఆమె దొడ్డి దాటింది.

దాటేముందు మైలడు కళ్లబడ్డాడు. కొట్టంలో గడ్డి వేసే గాటి దగ్గర ఎడమ పక్కకు ఒదిగి నిలబడి ఉన్నాడు. కుడి పక్కన ఇంకో ఎద్దు పట్టేంత చోటు అట్లాగే వదిలేశాడు. ఆ పక్క గడ్డి కూడా ముట్టలేదు. పాపం, చుక్కణ్ని మరవలేకపోతున్నాడనుకుంది నాంచారి. మైలడు తలెత్తి ఏదో చెప్పబోయాడు కూడా. కానీ అతను నెమ్మదస్తుడు, నోరు తెరవడానికే కాసేపు పడుతుంది. ఆ కాసేపు నిలబడే తీరిక నాంచారికి లేదు.

నాలుగు రోజులు ఆమె కాలు నేల మీద నిలవలేదు. చెరువులో దున్నపోతును పలకరిస్తే, చెప్పిందంతా విని, ముక్కుపుటాలు తప్ప మిగతాదంతా నీళ్లలోకి దించేసుకున్నాడు. చాకిరేవు గాడిద వస్తానంది గాని, కుడితి ముందు ఎవరికి పెడతారు, ఈగలు ఎక్కువా తక్కువా, కొట్టం తలుపు ఏ దిక్కుకు అని పూటంతా ఆరా తీసి, చివరికి ఆలోచించుకుని చెప్తానంది. గంగిరెద్దు మాత్రం అడిగిన ప్రతిదానికీ తలాడించాడు. భద్రయ్య చేనుకి వస్తావా అంటే తలాడించాడు. నాగలి లాగడం తెలుసా అంటే తలాడించాడు. నాంచారికి అనుమానమొచ్చి నువ్వు కోడిపెట్టవా అని అడిగింది. దానికీ తలాడించాడు. ఆమె అక్కణ్నుంచి కదిలింది.

అయిదో నాటికి చీమలు గుడ్లు నోట పెట్టుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాయి. తూనీగలు నడుము ఎత్తున గుంపులుగా తిరుగుతున్నాయి. నాంచారి వాటిని చూసి, చూడనట్టు మొహం తిప్పుకుని, ఇంకా వేగంగా నడిచింది.

ఆ రోజే ఆమెకు పందేల గుర్నాథం దొరికాడు. అవతలి గుట్ట తిరునాళ్లలో బండలాగుడు పందేలు మూడేళ్లు వరసగా గెలిచిన ఎద్దు. ఈ ఏడు ఓడిపోయాడు. ఓడిన నాటి నుంచీ తుమ్మచెట్టు కింద పడి ఉన్నాడు. కొమ్ములకు పూసిన రంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతున్నా గీరుకోవడం లేదు. నాంచారి ఆ కొమ్ముల వంక ఒక్కసారి చూసింది. ఏ మాట చెప్పాలో తెలిసిపోయింది.

"అయ్యా, గుర్నాథం అన్న ఉండేది ఈ చుట్టుపక్కలేనా?" అని ఆ ఎద్దునే అడిగింది.

"నేనే," అన్నాడతను కళ్లు విప్పకుండా.

నాంచారి రెండడుగులు వెనక్కి వేసింది. "ఆ మూపురం చూసినప్పుడే అనుకున్నా. కానీ అంతటివాడు ఇట్టా ఒంటిగా పడుంటాడా అని ఎనక్కి తగ్గా."

గుర్నాథం ఒక కన్ను తెరిచాడు. ఇక చూడండి నాంచారిని. రాళ్లగుట్ట కింద పిట్టపిల్లకు కూడా అతని పేరు తెలుసంది. భద్రయ్య కొట్టంలో మైలడనే ఎద్దు ఉన్నాడనీ, గుర్నాథం పక్కన నాలుగడుగులు వేస్తే చాలు, బతుకు తరించిపోతుందని రోజుకోసారి అంటాడనీ చెప్పింది. ఆ మైలడు ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడినవాడు కాదు. పని మాటకొస్తే, నేల పిండిలాగా ఉంటుందనీ, అర పూట అటూ ఇటూ నడిస్తే చాలనీ, రెండు పూటలా తెలకపిండి పెడతారనీ, సాయంకాలం నలుగురూ చేరి అతని పందేల కబుర్లు చెప్పించుకుంటారనీ అంది. గుర్నాథం రెండో కన్నూ తెరిచి, ముందుకాళ్ల మీద లేచాడు.

"ఒక్క సంగతి చెప్పాల నీకు," అన్నాడు. "నా జతగాడు ఎప్పుడూ నాకు కుడిపక్కన ఉండేవాడు. వాడి ఊపిరి నా కుడిచెవికి తగలకపోతే నాకు అడుగు తిన్నగా పడదు. వాడు బండి లాగడానికి పోయినాక నేను..."

సరిగ్గా అప్పుడే ఈశాన్యాన నల్లగా గీత గీసినట్టు మబ్బు లేచింది. నాంచారి కళ్లు ఆ మబ్బు మీదే ఉన్నాయి. చెవుల్లో వాగు హోరు. "జతగాణ్ని తలుచుకునేవాళ్లంటే భద్రయ్య మామకు ప్రాణం అన్నా," అంది గబగబా. "ఆ ముచ్చట్లన్నీ అక్కడ తీరిగ్గా చెప్పుకుందువు. లే, పొద్దుపోతుండాది."

దారి పొడవునా ఆమె అతన్ని అంటిపెట్టుకుని నడిచింది. మాట ఆపితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ఆపలేదు. మొదటి ఏడు గెలిచిన పందెం గురించి అడిగింది, రెండో ఏడు గురించి అడిగింది, ఆ తర్వాత మళ్లీ మొదటి ఏడు గురించి అడిగింది. భద్రయ్య కొట్టం కనబడేసరికి ఆమె నాలుక పిడచగట్టుకుపోయింది. గాటి దగ్గర నిలబడి నెమరువేస్తున్న మైలడు వాళ్లిద్దరూ రావడం దూరం నుంచే చూశాడు. నమలడం ఆపి, చాలాసేపు చూశాడు.

గుర్నాథం కొట్టంలోకి వస్తూనే నేరుగా మైలడు నిలబడ్డ వైపుకే పోయి, భుజంతో తోసి నిలబడ్డాడు. కుడి పక్కన అంత చోటుండగా ఇటెందుకు ఇరుక్కున్నాడో భద్రయ్యకు అర్థం కాలేదు. మూపురం చూసి మురిసిపోతున్నాడు మరి. ఆ మధ్యాహ్నమే వాన దిగింది. నాంచారి వాగుకు పరుగెత్తి, నీళ్లు బొరియ గుమ్మం తాకుతుండగా పిల్లల్ని ఒక్కొక్కదాన్నే తెచ్చి భద్రయ్య చూరు కింద పెట్టింది. మూడోదాన్ని దించేదాకా ఆమె ఊపిరి పీల్చుకోలేదు. చూరు నుంచి కారే నీళ్లు పిల్లల వీపుల మీద పడుతున్నాయి.

"అటక ఎక్కించమంటావా మామా?" అని అడిగింది.

"చేలో మొదటి నాగటి సాలు పడనీ," అన్నాడు భద్రయ్య.

మర్నాడు తెల్లవారి వాన తెరిపిచ్చింది. నేల తడిసి దున్నడానికి చక్కగా పదునెక్కింది. భద్రయ్య కాడి కట్టాడు. అలవాటు ప్రకారం మైలణ్ని ఎడమవైపు, అంటే దాపట కట్టాడు. కొత్తవాణ్ని కుడివైపు, వలపట కట్టాడు. అదిలించాడు.

గుర్నాథం కుడిచెవిని ఖాళీ గాలిలో ఒకసారి ఆడించి, ఎవరూ లేరని తెలుసుకుని, ఒళ్లంతా ఎడమకు వాల్చాడు. మైలడు ఎడమ గట్టు వైపుకు జరిగిపోయాడు. నాగలి చేను మధ్యలో సగం చుట్టు తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి ఆగింది. భద్రయ్య మళ్లీ సర్ది అదిలించాడు. ఈసారి పూర్తి చుట్టు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది. పోనీ అని ఎద్దుల్ని అటూ ఇటూ మార్చి కట్టాడు. పదకొండేళ్లుగా దాపట నడిచిన మైలడు వలపట కాలు పెట్టనన్నాడు. పలుపుతాళ్లు మెలిపడ్డాయి. కాడి జారి గుర్నాథం మోకాలికి తగిలింది. చేలో గింగిరాలు తిరిగిన గీతలు తప్ప ఒక్క సాలు లేదు. గట్టు మీద చేరిన కుందేళ్లు నవ్వాపుకోలేక చెవులు అడ్డం పెట్టుకున్నాయి.

భద్రయ్య మేడి వదిలి, మట్టి చేతులతోనే గట్టు మీద కూలబడ్డాడు. మబ్బు తొలిగి ఎండ కాస్తోంది. ఈ ఎండకు పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప.

"ఇద్దరూ దాపటెద్దులే," అన్నాడు. "దాపటెద్దుకు దాపటెద్దును తెచ్చావు కదే."

చూరు కింద నుంచి నాంచారి లేచి వచ్చింది. "నువ్వు ఎద్దును తెమ్మన్నావు. తెచ్చాను. ఈ సీమలో ఇంతకంటే బలమైన ఎద్దు లేదు."

"నేనడిగింది ఎద్దును కాదు నాంచారీ. జతను."

  నాంచారి తన ఉక్రోషం కొత్తెద్దు మీదికి తిప్పింది. దాపట అలవాటని ముందే ఎందుకు చెప్పలేదని నిలదీసింది. నేను చెప్తుంటేనే కదా పొద్దుపోతుందని లేపావు అన్నాడు గుర్నాథం. పనిలో పనిగా, అర పూట పనీ రెండు పూటల తెలకపిండీ ఎక్కడున్నాయని కూడా అడిగాడు. నాంచారి మైలడి వైపు తిరిగింది.

"ఇతను వచ్చి నిలబడగానే నీకు తెలిసే ఉంటది. నువ్వన్నా చెప్పొచ్చు కదా."

మైలడు మూతి తడుపుకున్నాడు. "కాడి కింద నా పక్కన నడిచేవాణ్ని తేవడానికి పొయ్యావు. ఎట్టాంటివాడు కావాలని నన్నొక్క మాట అడిగావా అమ్మా?"

అడగలేదు. ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆ సంగతి నాంచారికి అప్పటికి తెలిసొచ్చింది. చూరు కింద పిల్లలు తడిసి ముద్దయి ఒకదాని కిందికి ఒకటి దూరుతున్నాయి. కింద వాగు హోరు ఇక్కడిదాకా వినిపిస్తోంది. వెనక్కి వెళ్లడానికి బొరియ లేదు. ఇంకో ఎద్దును తెస్తాననీ, రెండు రోజులు గడువిమ్మనీ, గడువిచ్చి పిల్లల్ని మాత్రం పైకి ఎక్కించమనీ భద్రయ్య కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలింది. ఈసారి ఆమె మాటల్లో తేనె లేదు, ఉత్త భయం ఉంది. భద్రయ్య మనసు కరగలేదని కాదు. కానీ పదును పోతే అతనికీ ఏడాది తిండి పోతుంది.

అప్పుడు మైలడు మళ్లీ నోరు విప్పాడు. ఒకే పొద్దులో రెండోసారి మైలడు మాట్లాడటం ఎవరికీ గుర్తులేదు.

"నిన్న దారిలో ఇతను తిన్నగానే నడిచొచ్చాడు మామా. నేను చూశాను. ఈమె కుడిపక్కన చెవి దగ్గర మాట్లాడతా వస్తుండాది. ఈ ఎద్దుకు కుడిపక్క ఒక ఊపిరుండాల, అంతే. అది ఎద్దుదే కానక్కర్లేదు."

భద్రయ్య గట్టు మీద నుంచి లేచి, మైలణ్ని మళ్లీ దాపట, గుర్నాథాన్ని వలపట కట్టాడు. "నాంచారీ, ఇట్రా."

"మేకనో గొర్రెనో పెట్టుకో మామా, నేను..."

"మేక మాట విని వచ్చాడా? నీ మాట విని వచ్చాడు. నువ్వే నడువు."

నాంచారి చూరు కింద పిల్లల వైపు చూసింది.  వెళ్లి గుర్నాథం కుడిపక్కన, బురదలో నిలబడింది. నిన్నటి కబుర్లు తలుచుకుని సిగ్గుతో మొహం అటు తిప్పుకుంది. భద్రయ్య అదిలించాడు. కాడి కదల్లేదు.

"మూడో ఏడు పందెం గురించి నువ్వింకా చెప్పనే లేదన్నా," అంది నాంచారి చివరికి.

గుర్నాథం చెవి ఆమె వైపు తిరిగింది. అడుగు పడింది. పక్కన మైలడి అడుగు పడింది. నాగలి నేలలోకి దిగి, ఎర్రమట్టిని ఇటు సగం అటు సగం విడదీసుకుంటూ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిన్నగా పోయింది. భద్రయ్య మాట తప్పేవాడు కాదు. సాలు చివర నాగలి ఆపి, వెళ్లి ముగ్గురు పిల్లల్నీ చంకనెత్తుకుని అటక మీద ఎండుగడ్డిలో పెట్టి వచ్చాడు. నాంచారి ఆనందం పట్టలేక అటక వైపు పరుగు తీయబోయింది. వెనక భద్రయ్య ఎంత అదిలించినా కాడి కదల్లేదు.

"ఏందమ్మే," అన్నాడు గుర్నాథం, "సగంలో ఆపేశావు?"

ఆ రోజు పొద్దుగూకేదాకా ఆమె నడిచింది. మర్నాడూ నడిచింది. దుక్కి అయ్యాక విత్తడం వచ్చింది, విత్తడం అయ్యాక కలుపు పోయేలా వరసల మధ్య గుంటక తోలడం వచ్చింది, ఆ లోపల ముసురు పట్టింది. ముసుర్లోనూ నడిచింది. గుర్నాథం ఊరికే పొగిడించుకుని ఊరుకునే రకం కాదని రెండో రోజే తేలింది. నేల పిండిలాగా ఉంటుందన్నావే, ఈ రాళ్లేంది అనేవాడు. మైలడు నా పక్కన నడవాలని కలలు కన్నాడన్నావే, ఒక్క మాటైనా మాట్లాడడేం అనేవాడు. ప్రతిదానికీ జవాబు చెప్పుకోవాలి. చెప్పకపోతే అడుగు పడదు. అర పూట పని సంగతి అబద్ధమని ఒప్పుకుంది. తెలకపిండి సంగతి భద్రయ్యను బతిమాలి ఒక పూటకు కుదిర్చింది. నాలుగో రోజున, విసిగిపోయి, నువ్వు ఓడిపోయిన పందెం గురించి చెప్పు అంది. ఆ కథ అతను మూడు సాళ్లు చెప్పాడు. ఆ మూడు సాళ్లలోనూ ఒక్కసారి ఆగలేదు. ఆ పూట నాంచారి మొదటిసారి ఎదుటివాడు చెప్పేది చివరిదాకా విన్నది.

కుందేళ్ల పేట నుంచి కబురొచ్చింది, కోడి పారిపోయింది, ఇంకోదాన్ని వెతకమని. చాకిరేవు గాడిద ఆలోచించుకోవడం పూర్తయిందని కబురు చేసింది. ఒక్క కబురుకీ నాంచారి వెళ్లలేకపోయింది. సాలు చివర తిరిగినప్పుడల్లా తలెత్తి అటక వైపు చూసేది. కిటికీలో మూడు మూతులు కనబడేవి, పొడిగా, వెచ్చగా, అమ్మ వానలో ఏం చేస్తోందా అని వింతగా చూస్తూ. నాంచారి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేది. పక్కన గుర్నాథం కాలు నేలకేసి తట్టేవాడు. ఆమె ఒంటి మీది నీళ్లు ఒకసారి విదిలించుకుని, "వచ్చా, వచ్చా అన్నా," అంటూ మళ్లీ అతని కుడిచెవి పక్కకు చేరేది.

నీతి: ఒకరిని పనిలోకి పిలిచి తెచ్చినవాళ్లు, వాళ్ల అడుగు కుదురుకునేదాకా పక్కన నడవాలి.